గంజి పూసిన అధ్యాయం

మా వడమాలపేటలో బుధవారం ప్రార్థన కూటాలకు ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో కూటం జరిగితే ఆ ఇంటి పెద్దామె బైబిల్లో వరుసగా వచ్చే అధ్యాయం చదవాలి. చదివాక "ఈ మాట మా ఇంటికి దీవెన అగును గాక" అనాలి. అందరూ ఆమేన్ అంటారు. మా వంతుకు ఎజ్రా పదో అధ్యాయం వచ్చింది.

నలభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. ముందుగా ఒకసారి చూసుకోకపోతే భయం. చూశాను. అన్యజాతి భార్యలను, వాళ్లకు పుట్టిన పిల్లలను పంపించేయాలని ఎజ్రా యాజకుడి ముందు జనమంతా కలిసి తీర్మానించిన అధ్యాయం అది.

నా కొడుకు సునీల్‌కుమార్ ప్రేమించి చేసుకున్న మహిత పుత్తూరు పిల్ల, హిందువుల బిడ్డ. బొట్టు తీయలేదు, మేమూ తీయమనలేదు. కూటానికి వచ్చేవాళ్లకు వడలూ టీ ఆమె చేతివే. ఇది విని, నా చంటి మనవరాలిని చంకనేసుకుని వెళ్లిపోతే? మా ఆయన పోయాడు, చెల్లెలు పోయింది. ఎవరు బస్సెక్కినా సరే, అది మలుపు తిరిగేదాకా నేను అక్కడినుంచి కదలలేను.

పక్కింటి కృపారాణిని వంతు మార్చుకోమన్నాను.

"యక్కా, దాంట్లో నోరు తిరగని పేర్లు నూరు దాకా ఉండాయి. నా కట్టుడు పండ్లు ఊడి పడతాయి!"

మంగళవారం ఆ పేజీలను గంజితో అంటించేశాను. దాని బదులు తర్వాత వచ్చే నెహెమ్యా గ్రంథం మొదలుపెడితే ఎవరడుగుతారు? అందరి చేతుల్లోనూ బైబిళ్లు ఉంటాయన్నది నాకు తోచనే లేదు.

బుధవారం సాయంత్రం పుస్తకం తెరిస్తే పేజీలు విడివిడిగా ఉన్నాయి.

"పేజీలు అంటుకుని ఉంటే ఇడ్లీ కుండ ఆవిరి పట్టి విడదీసినా అత్తా. చదివినా గూడా" అంది మహిత వంటింటి గడపలోంచి.

రెండు వచనాలు చదివి ఆగిపోయాను. మహిత చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పుస్తకం తీసుకుని, ఆ పేర్లతో సహా గడగడా చదివేసింది.

"పాస్టరయ్యా, పంపించిన మొగోళ్ల పేర్లు ఇన్ని రాసినారే, పోయిన ఆడోళ్ల పేరు ఒక్కటీ లేదే?" అని అడిగింది.

పాస్టర్ హరినాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "విగ్రహాల పూజ ఇండ్లలోకి వస్తాదని భయపడి చేసినారని చెప్తారమ్మా. నేనూ అదే చెప్తా. కానీ ఆ బిడ్డలు యాడికి పోయినారో అని ఇరవై ఏండ్లుగా నాకు తెగడంలేదు."

"మా అత్త ఆడుండింటే ఎజ్రానే పంపించేసుండు" అంది కృపారాణి, తన గయ్యాళి అత్తను తలుచుకుని. ఇల్లంతా నవ్వింది.

ఇక దీవెన మాట నేను చెప్పాలి. అందరూ నావైపు చూశారు.

"ఇది దేవుని పుస్తకమే, కాదనను" అన్నాను. "కానీ ఈ మాట మా ఇంటికి దీవెనని నా నోట రాదు. ఈ ఇంట్లోంచి ఎవుర్నీ పంపేది లేదు."

పాస్టరయ్య బైబిలు మూశాడు.

"సరేమ్మా. ఈ వారం ఆమేన్ వద్దు. వడలు సల్లారిపోతా ఉండాయి."

అందరూ వెళ్లాక మహితను అడిగేశాను. "నువ్వు పోవు గదా?"

"పోతే నిన్నూ ఎత్తుకోని పోతా అత్తా. ఈ రాక్షసిని సూసుకునేదానికి నాకు మనిషి గావద్దా?"

చంటిదాన్ని నా ఒళ్లో పడేసి, గ్లాసులు కడగడానికి వెళ్లింది.