కొట్టేసిన వాక్యం

పదకొండో చుట్టు దగ్గర వాల్వు తాళం ఎప్పటిలాగే మొరాయించింది. నీళ్లాయన కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఇంకో చుట్టు లాగాడు. గుంత అడుగున పైపు గురగురలాడింది. ఇంకో రెండు నిమిషాలకు వీధి ఆ చివర కొళాయిలో ముందు గాలి, తర్వాత తుప్పునీళ్లు, ఆ తర్వాత అసలు నీళ్లు వస్తాయి. వెళ్లి చూడక్కర్లేదు. ఈ ఊళ్లో భూమి కింద ఏ మలుపులో ఏ పైపు ఎంతసేపు తాత్సారం చేస్తుందో, ఆయనకు తన మోకాళ్ల నొప్పి తెలిసినంత బాగా తెలుసు. ఇరవైతొమ్మిదేళ్లుగా పురపాలక సంఘంలో వాల్వులు తిప్పడమే ఆయన పని. నడుమెత్తు ఇనుప తాళాన్ని తిప్పీ తిప్పీ కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. కొత్త చొక్కా తొడుక్కున్నా ఎవరిదో తొడుక్కున్నట్టే ఉండేది.

ఊరంతా ఆయన్ని నీళ్లాయన అనేది. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అంతే.

చేతులు తుడుచుకుని, ముక్కు మీదికి తువ్వాలు బిగించి, కళ్లజోడు పెట్టుకుని, జేబులోంచి మడత కాగితం తీశాడు. రెండో వీధివాళ్లు అప్పటికే ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. బకెట్లు, డబ్బాలు, రంగు వెలిసిన పెయింటు డ్రమ్ములు వరసగా ఉన్నాయి.

"నిన్న మన ఊళ్లో కొత్తగా జ్వరం తేలినవాళ్లు పదిహేడు మంది. ఇళ్లకు తిరిగొచ్చినవాళ్లు ఆరుగురు. పోయినవాళ్లు ఇద్దరు. కూరల బండి ఇవాళ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. ఒకరి తర్వాత ఒకరు రండి. దగ్గు, ఆయాసం ఉంటే దాచొద్దు. ఫోను నంబరు చెప్తాను, రాసుకోండి."

నంబరు రెండుసార్లు చదివాడు. రెండోసారి ఇంకా నెమ్మదిగా.

ఈ చదువుడు మూడు నెలల కిందట మొదలైంది. అంతకుముందు కార్యాలయంవాళ్లు ఆటోకి మైకు కట్టి తిప్పారు. ఆటో ఆ మూల 'బయటికి' అని, ఈ మూల 'రావద్దు' అనేసరికి, మధ్య ఇళ్లవాళ్లకు సగం ముక్కే వినబడి వింత చూడడానికి బయటికొచ్చారు. నోటీసులు అంటిస్తే అవి చదవడానికి జనం ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. అప్పుడు ఫిర్యాదుల విభాగంలో పనిచేసే అమ్మాయికి ఆలోచన తట్టింది. నీళ్లొచ్చే వేళకు ప్రతి ఇంట్లోంచీ ఒకరు గుమ్మంలోకి వస్తారు కదా, ఆ వార్తేదో నీళ్లతోనే పంపుదాం అంది. వాల్వులవాళ్లు నలుగురికీ తలొక కాగితం ఇచ్చారు.

నీళ్లాయన నోట్లో నాలుక లేని మనిషి. మొదటిరోజు చదవబోతే అక్షరాలన్నీ చీమల్లా కదిలాయి. ఆ సాయంత్రం ఇంట్లో పెళ్లాం ముందు నిలబడి అభ్యాసం చేశాడు. ఆమె బట్టలు మడతపెడుతూ విని, "రేడియోలో చదివినట్టు చదవకండి. పక్కింటాయనకి చెప్పినట్టు చెప్పండి చాలు," అంది. అప్పట్నుంచీ అలాగే చెప్తున్నాడు.

ఒక్కరోజు మాత్రం ఆ కాగితం ఆయన పరువు తీసింది. మొదటి నెలలోనే. 'ఊళ్లో జబ్బు లేదు, పుకార్లు నమ్మవద్దు' అని రాసి ఉంటే మూడో వీధిలో అదే చదివాడు. ముందురోజే ఆ వీధి వడ్రంగిని ఆసుపత్రి బండిలో ఎక్కించి తీసుకెళ్లారు. చదవడం అయ్యాక వడ్రంగి తమ్ముడు గుమ్మంలోంచే అడిగాడు. "నీ కాగితంలో మా అన్న లేడా?"

నీళ్లాయన తాళం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వడ్రంగి తిరిగి రాలేదు. ఆ వీధివాళ్లు పది రోజులపాటు నీళ్లు పట్టుకుని, ఆయన నోరు తెరిచేలోపు తలుపులేసుకున్నారు. ఒక్కో గుమ్మం మళ్లీ తెరిపించడానికి ఆయనకు నెల పట్టింది.

ఇవాళ కాగితంలో అడుగున ఒక వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నారు. గీత ఒకటే. కింద అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. తెల్లవారుజామున పంపుషెడ్డు దగ్గర కాగితం చేతికిస్తూ మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"చివరి వీధి మూసేస్తున్నారు. పదకొండింటికి కర్రలు కడతారు. పద్నాలుగు రోజులు. నువ్వేం అనకు."

"వాళ్లకి చెప్పొద్దా?"

"ముందే తెలిస్తే సగంమంది మూటలు కట్టుకుని దొడ్డిదారిన పోతారు. ఊరంతా అంటిస్తారు. పైవాళ్ల మాట అది. మనకెందుకు?"

మనకెందుకు అన్న మాట మీదే ఇరవైతొమ్మిదేళ్లు గడిచాయి. పైవాళ్లు నీళ్లు అరగంట అంటే అరగంట, ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలు. తిట్లు మాత్రం వాల్వు దగ్గర నిలబడ్డవాడికి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో వీధి అయింది. నాలుగో వాల్వు పురపాలక కార్యాలయం వెనక గోడ వారన ఉంటుంది. ఆయన మూత ఎత్తిన చప్పుడుకి పై కిటికీ తెరుచుకుంది. ఫిర్యాదుల అమ్మాయి కళ్ల కింద నల్లగా చారలు కట్టాయి. మూడు రోజులుగా ఇంటికి వెళ్లినట్టు లేదు. వెనక ఫోను మోగుతూనే ఉంది.

"మూడో వీధిలో పచ్చతలుపు ఇల్లుందమ్మా. రెండ్రోజులుగా గుమ్మంలో బకెట్ లేదు. ఇద్దరూ ముసలివాళ్లే. ఒకసారి ఫోన్ చేయించు," అన్నాడు.

ఆమె రాసుకుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఈ ఊళ్లో మొదట తెలిసేది ఆయనకే. ఏ ఇంటి బకెట్ బయటికి రాలేదో, ఏ ఇంట్లో ఆడమనిషి పట్టే నీళ్లు ఇవాళ మగాడు పడుతున్నాడో ఆయన చూపు దాటిపోదు.

"అడుగున ఆ వాక్యం నువ్వు రాసిందేనా అమ్మాయ్?"

"నేనే రాశాను బాబాయ్. మూసేముందు చెప్తే సరుకులూ మందులూ చూసుకుంటారని. ఆరోగ్యాధికారిగారు కొట్టేశారు." ఆమె కిటికీ చువ్వ పట్టుకుని కిందికి వంగింది. "మిమ్మల్ని చదవమనీ అనను, వద్దనీ అనను. నాకూ తెలీట్లేదు."

"నాకు మాత్రం తెలుసేంటి?" అన్నాడు ఆయన. తాళం గుంతలోకి దించాడు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు అనుకున్నాడు. చెప్తే, జబ్బు మూటల్లో పడి ఎన్ని ఊళ్లు దాటుతుందో. చెప్పకపోతే, పదకొండింటికి మందుబిళ్లల కోసం బయటికొచ్చిన ముసలాయన కర్రల ముందు నిలబడి ఎవర్ని తలుచుకుంటాడో ఆయనకు తెలుసు. పొద్దున నీళ్లిచ్చి, నవ్వి, వెళ్లిపోయిన మనిషిని.

చివరి వీధి చేరేసరికి తొమ్మిది దాటింది. నలభైరెండు ఇళ్లు, పల్లానికి దిగే సన్నని దారి. పైపుకీ చివరే, పట్టింపుకీ చివరే. దార ఇక్కడికొచ్చేసరికి చిటికెనవేలంత అవుతుంది. తొమ్మిది ఇళ్ల తలుపులు అప్పటికే మూసి ఉన్నాయి. వాటి మీద కార్యాలయంవాళ్లు అంటించిన చీటీలున్నాయి. మామూలుగా ఈ వీధిలో నీళ్ల కంటే ముందు పోట్లాట వచ్చేది. ఇప్పుడు బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆయన చదివాడు. పదిహేడు, ఆరు, ఇద్దరు. కూరల బండి. ఫోను నంబరు. కాగితం మడవబోతే, వాల్వుకి ఎదురింట్లో ఉండే బట్టలు కుట్టే ఆమె రోజూలాగే అడిగింది.

"ఇంకేమైనా ఉందా అన్నయ్యా?"

రోజూ 'ఇంతేనమ్మా' అనేవాడు. ఇవాళ కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"నీళ్లిచ్చేవాడివి, నువ్వే నీళ్లు నములుతుంటే ఎలా?" అందామె. పక్క గుమ్మంలో ఎవరో చిన్నగా నవ్వారు.

ఆయన నవ్వలేదు. కాగితం విప్పి, ఎర్రగీత కింద అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు.

"ఈ వీధిని ఇవాళ పదకొండు గంటల నుంచి పద్నాలుగు రోజులు మూసివేస్తారు. సరుకులు, మందులు ఇళ్ల దగ్గరికే పంపుతారు."

నిండిన బకెట్లు పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు.

"ఇది చెప్పొద్దన్నారు," అన్నాడాయన. "పారిపోతారని. చెప్పకపోతే రేపు నేనేం చెప్పినా మీరు నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. అందుకని చెప్పాను. ఇక మీ ఇష్టం."

నాలుగో ఇంటి లారీ డ్రైవరు అప్పటికే స్కూటరు బయటికి తోశాడు. "మా అమ్మ పక్క ఊళ్లో మంచాన పడి ఉంది. ఇవాళ వెళ్లకపోతే మళ్లీ చూస్తానో లేదో."

"నీకు పరీక్ష చేశారా?"

"చేశారు. ఇంకా చెప్పలేదు."

"మరి ఏం తీసుకెళ్తున్నావో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మంచాన ఉన్నామెకి అది కావాలా బాబూ?"

డ్రైవరు హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత స్కూటరుకి స్టాండు వేసి, దాని పక్కనే మెట్టు మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. దగ్గరికి వెళ్లి భుజం తట్టే రోజులు కావు. నీళ్లాయన తాళం పట్టుకుని దూరంగానే నిలబడ్డాడు.

"నా కోడలికి నెలలు నిండాయి," అంది బట్టలు కుట్టే ఆమె. ఆమె గొంతులో హాస్యం లేదిప్పుడు. "కర్రలు కట్టాక నొప్పులొస్తే?"

"ఆ నంబరుకి చెయ్యండి. బండి వస్తుంది. రాకపోతే నేనొచ్చి కర్రలు విప్పుతాను."

"మాటేనా?"

"రోజూ వస్తాను కదమ్మా. నీళ్లు మాత్రం ఆగవు."

ఆరోజు చివరి వీధికి ఇరవై నిమిషాలు ఎక్కువ వదిలాడు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నిండేదాకా ఉండి, పది గంటలకు వాల్వు కట్టాడు. ఇద్దరు కుర్రాళ్లు సంచులు తగిలించుకుని వెనక సందులోంచి పోవడం చూశాడు. పిలిచినా ఆగలేదు. మిగతావాళ్లు ఉండిపోయారు. పదకొండింటికి కర్రలు కట్టేవాళ్లు వచ్చేసరికి ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని చూస్తున్నారు.

పారిపోయిన ఇద్దరు కుర్రాళ్ల సంగతి ఆయనే వెళ్లి కార్యాలయంలో చెప్పాడు. ఆరోగ్యాధికారి తల ఎత్తకుండా, "ఆ ఇద్దరివల్ల ఎవరికైనా వస్తే ఎవరిది బాధ్యత?" అని అడిగాడు. ఆ తర్వాత చాలాసార్లు ఆ ప్రశ్న నీళ్లాయన్ని నిద్రలోంచి లేపింది. సంజాయిషీ రాసిమ్మన్నారు. వంకర అక్షరాలతో ఒకే ముక్క రాశాడు. 'కొట్టేసినా కనబడుతోంది, చదివాను.'

ఇంటికొచ్చి, పెరట్లో స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాక పెళ్లానికి సంగతంతా చెప్పాడు.

"ఉద్యోగం ఊడుతుందా?" అందామె.

"నాలుగు నెలల్లో ఎలాగూ ఊడేదే కదే."

ఆమె కంచంలో ఇంకొంచెం వడ్డించింది. ఆయన వద్దనకుండా తిన్నాడు.

సంజాయిషీ కాగితం ఏ ఫైల్లో పడిందో, మళ్లీ ఎవరూ అడగలేదు. ఆయన రోజూ కర్రల ఇవతల నిలబడి చివరి వీధికి నీళ్లు వదిలాడు, కాగితం చదివాడు. అంతసేపు నిలబడలేకపోతున్నాడని చూసి, నాలుగోరోజున బట్టలు కుట్టే ఆమె ఒక చిన్న ముక్కాలిపీటని సబ్బునీళ్లతో కడిగి కర్రల కిందనుంచి ఇవతలికి తోసింది. కాలొకటి పొట్టి. ఆయన ఒక పెంకుముక్క వెతికి దాని కింద సర్ది కూర్చున్నాడు. ఆరోరోజున డ్రైవరు పరీక్ష కాగితం వచ్చింది, జబ్బు ఉందని. డ్రైవరు అది గుమ్మంలో నిలబడి తనే అందరికీ చెప్పాడు. పదోరోజు మధ్యాహ్నం కోడలికి నొప్పులొస్తే బండి పావుగంటలో వచ్చింది. ఆడపిల్ల. మర్నాడు ఆయన కాగితం చదివి, "ఇది ఇందులో లేదు గానీ," అని ఆ కబురు కూడా వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పాడు. మధ్యలో దగ్గొచ్చి ఒకసారి ఆగాడు.

పన్నెండోరోజున ఇంకో లైను వాల్వులాయన వచ్చాడు. నీళ్లు వచ్చాయి.

పద్దెనిమిదోరోజు కాగితాన్ని ఫిర్యాదుల అమ్మాయి ఎప్పటిలాగే రాసింది. పేర్లు రాయకూడదన్నది నియమం. కొత్తాయన దాన్ని చివరి వీధిలో తడుముకుంటూ చదివాడు. "పోయినవాళ్లు ఒకరు. మగవారు. యాభైఎనిమిదేళ్లు."

"ఎవరు?" అంది బట్టలు కుట్టే ఆమె.

కొత్తాయన కాగితం వంక చూశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు. "ఇందులో పేరు లేదమ్మా," అని, కాగితం మడిచి, "మనాయనే," అన్నాడు.

కర్రలు అంతకు నాలుగు రోజుల ముందే విప్పేశారు. నాలుగో ఇంట్లో డ్రైవరు తన కొళాయి కట్టేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే కట్టేశారు. కొత్తాయన ఏం చెయ్యాలో తోచక, వాల్వు కట్టి, మూత వేసి, తాళం భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

పీటని లోపలికి తెచ్చేద్దామని కోడలు రెండుసార్లు అంది. అత్త వద్దంది. వానలకు దాని చెక్క ఉబ్బి, అంచున నాచు పట్టింది. వాల్వు గుంత పక్కన అది అలాగే ఉంది, పొట్టి కాలి కింద పెంకుముక్కతో, కదలకుండా.