బంతి నడిచిన సాలు

ఓర్వకల్లు రాళ్ళగుట్టల కింది మైదానంలో, సాయంత్రం ఫుట్‌బాల్ ఆట మొదలయ్యే ముందు ఆడపిల్లలంతా వరసగా వంగి గులకరాళ్ళు ఏరాల. ఏరకుంటే ఆట నేర్పే తిమ్మయ్య తాత బంతి బయటికి తియ్యడు. ఒక్క రాయి మిగిలినా మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఆయన పద్ధతి అది.

రాళ్ళు ఏరినాక పాస్ ఇచ్చేది నేర్పుతాడు.

"గొర్రు ఎనకాల మీయమ్మలు జడ్డిగం గిన్నెలో ఇత్తనం ఎట్ల ఇడుస్తారు? గుప్పుమని పోస్తారా? ఏళ్ళ సందున జారనిస్తారు. బంతీ అంతే. ఇద్దరి మధ్య సందు చూసి జారనియ్యి. సందు లేదా, ఎనక్కియ్యి. బంతి మన కాళ్ళకాడ ఉన్నంతసేపు ఆయాసం వాళ్ళది. తొందరపడి తన్నినావా, అది పరాయి సొమ్ము."

కుదురుగా ఇచ్చిన పాస్ నేలమీద పోయిన దారెంట గడ్డి మొలిచేది. సన్నగా, పచ్చగా, సాలు తీసినట్టు. గాలికి తన్నిన బంతికి ఏమీ మొలవదు. ఆట అయినాక పుల్లయ్య మేకలు తోలుకొచ్చి మేపుకొనేవాడు.

"ఏమప్పా తిమ్మయ్యా, నిన్న నా మేకలు పస్తు పండుకొన్నాయి. పిల్లోళ్ళు గాలికి తన్నినారా?"

"నీ మేకల కోసరమా నేను నేర్పేది? పో."

జట్టులో సాహితికి మాత్రం ఎవరూ పాస్ ఇయ్యరు. ఇయ్యొద్దని తిమ్మయ్య ఎప్పుడూ అనలేదు. అనాల్సిన పనీ లేదు. ఆమె శివన్న మనవరాలు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరిదీ ఒకే జట్టు; కడప పోటీల ఆఖరి ఆటలో, తిమ్మయ్య గోలు ముందర ఒంటరిగా చెయ్యెత్తి నిలబడితే, శివన్న బంతి ఇయ్యకుండా తానే తన్ని గోలు కాసే గోలీ చేతుల్లో పెట్టినాడు. ఆనాటినుంచి తిమ్మయ్య ఆ ఇంట్లో నీళ్ళు తాగలేదు, ఆ పేరు నోట పలకలేదు. తప్పేముంది? అట్లాంటిది మరిచిపోయేవాడికి ఆట ఏం తెలిసినట్టు?

ఆ ఆదివారం కర్నూలు జట్టుతో పోటీ. కడప ఆటలబడికి ఒక పిల్లను ఎంచుకోను స్వర్ణలత మేడం వచ్చింది. ఈసారి కాకుంటే సాహితికి వయసు దాటిపోతుంది. చదువు మానిపించి నందికొట్కూరులో చిన్నాయన అంగట్లో కూర్చోబెడతామని ఇంట్లో చెప్పేసినారు. ఆమె ఎడమ గట్టున చెయ్యెత్తుకొని నిలబడింది. ఎప్పటిలాగే.

కర్నూలు పిల్లలు గోలు ముందర గోడ కట్టినట్టు నిలబడినారు. జట్టులో గోల్సన్నీ కొట్టే అమూల్య ఎన్నిసార్లు తన్నినా బంతి ఆ గోడకు తగిలి వెనక్కే వచ్చింది. ఆట ముగియవచ్చింది.

అమూల్య మళ్ళీ బంతి అందుకొంది. ఈసారి బంతి కదలకముందే గడ్డి మొలిచింది. అమూల్య బొటనవేలి కాడ మొదలై, గోడలో ఇద్దరి మధ్య సందున దూరి, ఆవల ఎవరూ లేని చోట ఆగింది. ఆ చోటికి దగ్గరున్నది సాహితి ఒక్కతే.

అమూల్య బంతిని కాలికింద తొక్కిపెట్టి తిమ్మయ్య వైపు చూసింది.

"మీదికొస్తాండారు తాతా! ఎవరికియ్యాల?"

తిమ్మయ్య ఆ గడ్డిసాలును కొసదాకా చూసినాడు.

"ఇయ్యి మే," అన్నాడు. "శివన్న మనవరాలికియ్యి!"

బంతి జారింది. సాహితి పరిగెత్తి అందుకొంది. ముందర గోలీ ఒక్కతే. శివన్న రక్తం, తన్నకుండా ఉంటుందా అని తిమ్మయ్య కండ్లు మూసుకొన్నాడు.

సాహితి తన్నలేదు. గోలీ మీదికి ఉరికొచ్చేదాకా ఓపిక పట్టి, పక్కకు జారనిచ్చింది. అమూల్య ఒట్టి గోల్లోకి నెట్టింది.

"గోలు సరే, ఆ ఇచ్చిన పాప ఎవరు?" అని అడిగింది స్వర్ణలత.

"సాహితి. శివన్న మనవరాలు." రెండోసారి ఆ పేరు తిమ్మయ్యకు అంత బరువనిపించలేదు.

"ఆమెను మా బడికి పంపించండి."

పొద్దు గూకేటప్పటికి పుల్లయ్య మేకలు మైదానమంతా మేసినాయి గాని ఆ ఒక్క సాలును ముట్టలేదు. అది ఇంకా సాగి, గోలు దాటి, రోడ్డు దాటి, శివన్న గడప దాకా పోయింది. తిమ్మయ్య దాన్ని తొక్కకుండా పక్కనే నడిచిపోయినాడు.

అరుగు మీద శివన్న లేచి నిలబడ్డాడు.

"నీ మనవరాలికి పాస్ ఇచ్చేది వచ్చురా," అన్నాడు తిమ్మయ్య. "నీకే రాలేదు."

"రాలేదు," అన్నాడు శివన్న.

తిమ్మయ్య అరుగు మీద కూర్చొని, "నీళ్ళు తెప్పించు," అన్నాడు.

శివన్న ఎవర్నీ పిలవలేదు. తానే లోపలికి పోయి, నిండు చెంబు రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చినాడు. ఒక్క చుక్క కింద పడలేదు.