స్పామ్‌లో దాక్కున్న తిట్లు

డేవిడ్‌రాజు మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, శ్రీకాకుళం చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి నడిపే పాటల బృందాన్ని, అదే క్వాయర్ని, భుజాన వేసుకున్నారు. పాడేవాళ్లు నలభై మంది. ఆమదాలవలస నుంచి భోగాపురం దాకా చెదిరి ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో పూలబొమ్మలూ శుభోదయాలూ తప్ప పనికొచ్చే ముక్క నిలవడం లేదని విసుగెత్తి, ఇకమీదట పాటలూ ప్రాక్టీసు తేదీలూ ఈమెయిల్లోనే పంపుతానని చెప్పి, గ్రూపులోంచి బయటికొచ్చేశారు.

చెప్పినట్టే, మొదటి ప్రాక్టీసుకి పది రోజుల ముందే ముప్పై ఏడు మందికి మెయిల్ పంపారు. మెయిల్ లేని ముగ్గురికీ ఇంటికెళ్లి చెప్పొచ్చారు.

మొదటి శనివారం ప్రాక్టీసుకి వచ్చింది ఆ ముగ్గురే. రెండో శనివారమూ వాళ్లే. మెయిల్ పంపాక మళ్లీ ఫోన్ చేసి బతిమాలడమేంటని మాస్టారు బిగుసుకు కూర్చున్నారు. నాలుగో శనివారం కూడా అదే ముగ్గురు వచ్చేసరికి, ఇంటికొచ్చి రెండో మెయిల్ రాశారు. మగవాళ్లలో పైగొంతు పాడే టెనర్లు నూనె లేని గేటులా కిర్రుమంటారట. ఆడవాళ్లలో కిందిగొంతు పాడే ఆల్టోలు పాట మధ్యలో కూరల సంగతులు మాట్లాడుకుంటారట. ఇమ్మానుయేలు అడుగుగొంతుతో బేస్ అందుకుంటే నాగావళి అవతలి గేదెలు బదులు పలుకుతాయట. పంపేశాక ఆయన ప్రాణం హాయిగా ఉంది.

సోమవారం ఆల్టో పాడే షాలిని ఇంటికొచ్చింది.

“పాటలెప్పుడు పంపుతారు మాస్టారూ? మీకు ఒంట్లో బాగోలేదేమో అనుకుంటన్నారు అందరూ.”

“ఏటమ్మా అలగంటావు! అందరికీ పంపినాను కదా!”

షాలిని ఫోన్ తీసి చూసింది. ఇన్‌బాక్స్‌లో లేదు. స్పామ్ తెరిస్తే, లాటరీ తగిలిందన్న కబురుకీ బట్టతల మందుకీ మధ్య మాస్టారి పేరుంది. మొదటి మెయిల్‌కి నెల దాటడంతో అది దానంతటదే చెరిగిపోయింది. మిగిలింది రెండోది.

“అది సదవకమ్మా,” అన్నారు మాస్టారు గాభరాగా.

ఆమె అప్పటికే చదివేసింది. “కూరల సంగతులా?” అని ఒక్కమాటే అని, పనిలో పడింది. ముందు తనకొక్కదానికే చిన్న మెయిల్ పంపమంది. తిన్నగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. తర్వాత మాస్టారి ఫోన్లో, ఆయన పంపిన మొదటి మెయిల్ తెరిచింది.

“మీ అడ్రసు మంచిదే. పంపే తీరే బాగోలేదు. సూడండి, సబ్జెక్టులో ‘అర్జెంట్!!! టిఫిన్ ఉచితం!!!’ అని రాసినారు. పాటలకి ఏదో పొట్టి లింకు పెట్టినారు. ముప్పై ఏడు అడ్రసులూ ఒక్కసారే కుక్కినారు, అందులో ఆరు ఎప్పుడో మూతపడినవి. మోసగాళ్లు కూడా ఇలగే పంపుతారు మాస్టారూ.”

మూతపడిన వాటి బదులు కొత్త అడ్రసులు అడిగి తెచ్చింది. అందరినీ ఒక గ్రూపు అడ్రసు కింద చేర్చింది. లింకు తీసేసి పాటనే జతచేసింది. సబ్జెక్టు ‘శనివారం నాలుగింటికి ప్రాక్టీసు’ అని సాదాగా పెట్టించింది. ఇక మిగిలింది అవతలివాళ్ల పని. మాస్టారు వద్దు వద్దంటుండగానే వాట్సాప్‌లో పెట్టేసింది: “అందరూ స్పామ్ తెరవండి. మాస్టారి మెయిల్ మీద ‘స్పామ్ కాదు’ నొక్కండి. ఆయన అడ్రసు సేవ్ చేసుకోండి.”

మాస్టారు నెత్తి మీద చేతులు పెట్టుకున్నారు.

శనివారం ఎవరూ రారనే అనుకున్నారు. నాలుగు కాకముందే ఆటోలు దిగాయి. అందరికంటే ముందు ఇమ్మానుయేలు లోపలికొచ్చాడు.

“ఏటి మావా, నా గొంతుకి గేదెలు పలుకుతాయా?”

“కోపంలో రాసేసినానురా. తప్పే.”

“తప్పేటి! మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టిస్తానంటంది. ఇరవై ఏళ్లుగా అదే సెప్తన్నాది.”

ఈలోగా నిండిన హాలంతా నవ్వింది. టెనర్ సంజయ్ మాత్రం మూల కుర్చీలో మొహం ముడుచుకుని కూర్చున్నాడు. మాస్టారు వెళ్లి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేశారు.

“నోటితో సెప్తే కుదరదు మాస్టారూ,” అన్నాడు సంజయ్. “తిట్టింది మెయిల్లో. ఎనక్కి తీసుకోడం కూడా మెయిల్లోనే, అందరికీ.”

మాస్టారు అక్కడికక్కడే ఫోన్ తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు: “నేను రాసింది తప్పు. మీరు లేక నాలుగు శనివారాలు నాకు తోచలేదు.” షాలిని చూసి సరేనంది. నొక్కారు.

సంజయ్ జేబులో ఫోన్ మోగింది. తర్వాత వెనక వరసలో, కిటికీ దగ్గర, గుమ్మంలో, హాలంతా టింగుటింగుమంది. సంజయ్ చదువుకుని, లేచి టెనర్ల వరసలోకి నడిచాడు.

“నాకు రానేదు మావా!” ఇమ్మానుయేలు ఫోన్ ఊపుతూ అరిచాడు. “ఇదిగో, స్పామ్‌లోనే ఉన్నాది!”

“నువ్వు ‘స్పామ్ కాదు’ నొక్కలేదేమో!” అంటూ షాలిని అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. మాస్టారు హార్మోనియం తెరిచి శ్రుతి పట్టారు.