ఎత్తని ప్లేటు

పొద్దున ఆరింటికి గువ్వ షట్టరు పైకి నెడుతుంది. ఆ చప్పుడుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంటుంది, పక్క కొట్టు పిల్లి ఒళ్ళు విరుచుకుంటుంది. తర్వాత ఎనిమిది టేబుళ్ళూ తుడవడం, తలకిందులుగా పెట్టిన కుర్చీలు దించడం, ఉప్పుసీసాల మూతలు బిగించడం. లోపల వంటింట్లో అప్పటికే మేనత్త గుమ్మడికాయ కోస్తూ ఉంటుంది. కత్తి దిగిన చప్పుడు బట్టి కాయ ముదురో లేతో చెప్పేస్తుంది అత్త. గువ్వకి ఆ చప్పుడు వింటే చాలు, రోజు సరిగ్గా మొదలైనట్టుంటుంది.

గువ్వ అన్నది అసలు పేరు కాదు. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేలా ఉంటుందని చిన్నప్పుడెవరో అన్నారు, అదే నిలిచిపోయింది. మనిషి ఇప్పటికీ అంతే, పుల్ల. కానీ చేతులు చూస్తే మాత్రం బస్తాలు మోసేవాళ్ళ చేతులు. ప్లేట్లు ఎత్తీ ఎత్తీ అలా అయ్యాయి.

ఆ వీధి హోటళ్ళలో ప్లేట్ల సంగతి అందరికీ తెలిసిందే. ప్లేటు ముందు కూర్చుని తిండి గురించి అబద్ధం చెబితే ప్లేటు బరువెక్కుతుంది. ఉడకని ముక్క నమిలి "చాలా బాగుందమ్మా" అంటే ఇటుకంత. మాడిన చేప తిని "మా ఇంట్లో కూడా ఇలా కుదరదు" అంటే రుబ్బురాయంత. ఒకసారి ఎత్తితే చాలు, ఆ బరువు దిగిపోతుంది, అందుకే అది ఎత్తిన చేతికే తెలుస్తుంది. మర్యాదస్తులు ఎక్కువగా వచ్చిన రోజు సాయంత్రానికి గువ్వ భుజాలు పీకేస్తాయి. మూడో టేబుల్ దగ్గర కూర్చునే టైలరు తాత లాంటి వాళ్ళు నలుగురుంటే ఆ రోజు పండగే. ఆయన మొహం ముడుచుకుని "ఉప్పు చాల్లేదు, రొట్టె నిన్నటిది, నువ్వు ఆలస్యంగా తెచ్చావు" అంటాడు. ప్లేటు కాగితంలా చేతిలోకి వచ్చేస్తుంది.

వంట నిజంగా ఎలా కుదిరిందో తెలియడానికి ఆ వీధిలో ఒక పద్ధతుంది. తిన్నవాళ్ళు మాట చెప్పాలి. మాట చెప్పందే ప్లేటు తియ్యరు.

బేకరీ అబ్బాయి కూడా రోజూ రొట్టెల బుట్ట దింపి, కిటికీ పక్కన కూర్చుని ఒక సూపు తాగి వెళ్తాడు. ఒకరోజు గువ్వ అడక్కుండానే "నేను సూపు కోసమే వస్తున్నాను, ఇంకేం లేదు" అన్నాడు. ఆ ప్లేటు ఎత్తడానికి గువ్వకి రెండు చేతులూ, ఒక మోకాలూ కావలసి వచ్చాయి. అతను కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చున్నాడు. గువ్వ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, మోసింది తనే కదా. కానీ ఆ బరువు ఆ రోజంతా చేతుల్లో తియ్యగా సలుపుతూనే ఉంది.

ఇదంతా బాగానే ఉండేది, అత్తకి జ్వరం రాకపోతే. ఎనిమిది నెలల కింద వచ్చింది. పన్నెండు రోజులుండి వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ నాలుక మీది రుచి మొత్తం ఊడ్చుకుపోయింది. ఉప్పూ, చక్కెరా, మిరియమూ అన్నీ ఒకటే అత్తకి. అయినా వంట మానలేదు. చేతి లెక్కతో, వాసనతో, సూపు ఉడికే చప్పుడుతో వండుతోంది. కానీ వంటింట్లోంచి బయటికి రావడం మానేసింది. తినేవాళ్ళ మొహాలు చూడ్డానికి భయం.

సాయంత్రం కాగానే గువ్వని అడుగుతుంది. "ఇవాళ బరువెంతే?"

"తేలిగ్గానే ఉన్నాయత్తా. ఒక్కటే, ఆ పెద్దాయన చేప దగ్గర కొంచెం బరువుగా వచ్చింది."

"నిజం చెప్తున్నావా?"

"నీ మీద ఒట్టు."

"నువ్వు నా మేనకోడలివి. నా మొహం చూసి చెప్తావు," అనేది అత్త, గిన్నె తోముతూ. "నాకు పరాయివాడి మాట కావాలే."

ఆ పరాయివాడు దొరకనే దొరికాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని నాలుకగారు అంటారు. ఆదివారం పేపర్లో హోటళ్ళ మీద రాస్తాడు. ఏ హోటల్లో ఏం తినాలి, ఎక్కడ వడ్డన బాగుంటుంది, ఎక్కడికి అడుగు పెట్టకూడదు, అన్నీ ఆయనే తేలుస్తాడు. ఆయన ఒక్క ముక్క రాస్తే వీధి చివర చేపల హోటలు మూతపడింది. ఆయన పొగడ్తతోనే ఆనుకుని ఉన్న అద్దాల హోటలు మూడంతస్తులైంది. అక్కడ ఆయనకంటూ ఒక టేబుల్ ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. ఆ హోటలు వాళ్ళు అత్త కొట్టు కూడా తీసేసుకుని గోడ కలిపేద్దామని రెండుసార్లు అడిగి చూశారు.

నాలుకగారు వస్తున్నారని తెలిసిన రోజు అత్త గువ్వని కూర్చోబెట్టి చెప్పింది. "ఆయన బాగుందంటే నేను చచ్చేదాకా వండుతాను. బాలేదంటే గరిటె పక్కన పెట్టేస్తాను. అద్దాలవాళ్ళకి ఇచ్చేద్దాం. రుచి తెలియని మనిషి జనానికి తిండి పెట్టకూడదు."

"ఆయనెవరత్తా తేల్చడానికి?"

"నాకు తెలియనిది తెలిసినవాడు," అంది అత్త. ఇంక మాట్లాడనివ్వలేదు.

గురువారం మధ్యాహ్నం వచ్చాడాయన. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నడిమధ్య టేబుల్ దగ్గర కూర్చున్నాడు. గువ్వ గుమ్మడికాయ సూపు, వేడి రొట్టె తెచ్చిపెట్టింది. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాక ఆయన కళ్ళు మూతపడ్డాయి. గువ్వ చూసింది. రెండో చెంచాకి భుజాలు కిందికి జారాయి, అమ్మ ఒళ్ళో తలపెట్టిన పిల్లాడిలా. తర్వాత చెంచా ఆగలేదు. చివర్లో రొట్టెముక్కతో ప్లేటు అంచుదాకా తుడిచి తుడిచి తిన్నాడు. మీసానికి అంటినదాన్ని కూడా వదల్లేదు.

తుడుచుకుని, చేత్తో తీసెయ్యమని సైగ చేశాడు.

"ఎలా ఉందండీ?" అంది గువ్వ.

ఆయన మళ్ళీ సైగ చేశాడు.

"మాట చెప్పాలండీ. ఇక్కడ పద్ధతి."

"ఆదివారం చెప్తాను. పేపర్లో చూసుకో."

"పేపరు సంగతి పేపర్లో చెప్పండి. ప్లేటు సంగతి ప్లేటు దగ్గర చెప్పాలి కదండీ."

అప్పుడర్థమైంది గువ్వకి. ఇన్నేళ్ళుగా ఈయన ఎక్కడ తిన్నా ప్లేటు ముందు నోరు విప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంటికెళ్ళి, ప్లేటుకి దూరంగా, కాగితం మీద రాస్తాడు. ఆయన మాటని ఏ చెయ్యీ ఎత్తి చూడలేదు.

"అమ్మాయ్, నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండీ. తినేసి చెప్పకుండా వెళ్ళేవారు."

మూడో టేబుల్ దగ్గర టైలరు తాతకి పొలమారింది. నాలుకగారు లేచాడు. "తియ్యకపోతే పో," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

గువ్వ తియ్యలేదు. ఆ పూటా తియ్యలేదు, శుక్రవారం తియ్యలేదు. వంటింట్లోంచి అత్త, "ప్లేటు ఒకటి తక్కువైందేమే?" అంటే "మాట రాలేదత్తా" అంది. శనివారానికి ప్లేటు ఎండిపోయింది, చెంచా దానికి అతుక్కుపోయింది. వచ్చినవాళ్ళు ఆ టేబుల్ వదిలేసి మిగతావాటి దగ్గర సర్దుకుని కూర్చున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మాట చెప్పలేదంటే ప్లేటు ఉంటుంది మరి.

ఆదివారం బేకరీ అబ్బాయి రొట్టెల బుట్టతో వంటింటి వైపు కాకుండా ముందువైపు నుంచి వచ్చాడు. పేపరు రొట్టెల అడుగున దాచాడు. దాచడం అతనికి చేతకాదు, మొహం చూస్తేనే తెలిసిపోతుంది. అత్త వంటింటి గుమ్మం లోపలినుంచే చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు నాయనా."

అతను గువ్వ వైపు చూశాడు. ఇచ్చాడు.

అత్త నిలబడే చదువుకుంది. పెద్దగా ఏం లేదు, నాలుగు వరుసలు. 'సూపులో రుచన్నది లేదు. రెండు చెంచాలు మింగడమే కష్టమైంది. వండిన చెయ్యి అలిసిపోయింది, దానికి విశ్రాంతి ఇవ్వడం మంచిది. వడ్డించే పిల్లకి పొగరు.'

అత్త ఏడవలేదు. పేపరు మడిచి గట్టు మీద పెట్టింది. గరిటె కడిగింది. వెనకా ముందూ తుడిచి మేకుకి తగిలించింది. పొయ్యి ఆర్పింది. కోసి సగంలో ఉన్న గుమ్మడికాయ మీద తడిగుడ్డ కప్పింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మూలనున్న పీట మీద కూర్చుంది.

"అత్తా."

"అద్దాలవాళ్ళకి కబురు పంపవే."

"అబద్ధమత్తా అది. ఊడ్చుకుని ఊడ్చుకుని తిన్నాడు. నేను కళ్ళారా చూశాను."

"నువ్వు చూస్తావు. నువ్వు నా పిల్లవి," అంది అత్త. "నేను విసిగిపోయానే. రోజూ గుడ్డిదానిలా వండి, రోజూ నిన్ను అడిగి. ఇంక అడగను."

గువ్వకి ఏడుపు రాలేదు, చేతులు వేడెక్కాయి. ఇన్నేళ్ళుగా ఎంతమంది మొహమాటాలు మోసింది ఈ చేతులతో. ఇటుకలు మోసింది, రుబ్బురాళ్ళు మోసింది. అందరికన్నా పెద్ద మాట చెప్పినవాడిది మాత్రం ఒక్కరోజు ఎవరూ మొయ్యలేదు. మొయ్యకుండానే ఒక హోటలు మూతపడింది, ఇప్పుడు ఇంకోటి.

ఆమె గట్టు మీది పేపరు తీసుకుంది. ముందు గదిలోకి వచ్చింది. నాలుకగారు రాసిన ముక్క చుట్టూ జాగ్రత్తగా చింపింది. తర్వాత చివరి వరుస చదివి కాసేపు ఆలోచించి, దాన్ని కూడా విడిగా చింపి జేబులో పెట్టుకుంది.

"అదెందుకు తీశావు?" అన్నాడు బేకరీ అబ్బాయి.

"అది నిజమేగా. నిజం కలిస్తే లెక్క తప్పుతుంది."

మిగిలిన మూడు వరుసల కాగితాన్ని నడిమధ్య టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండిపోయిన ప్లేటులో పెట్టింది. "మీ మాటండీ," అంది, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు.

ముందు టేబుల్ మూలిగింది. తర్వాత నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా జరిగాయి. గువ్వ, పక్కనే సూపు తాగుతున్న టైలరు తాత వైపు చూసి, "కాలు తియ్యండి తాతా," అంది.

"తీశాన్లే," అన్నాడు టైలరు తాత, తన సూపు ప్లేటు చేత్తో పట్టుకుని.

టేబుల్ రెండుగా విరిగింది. ప్లేటు తిన్నగా కింద పడింది, కానీ పగల్లేదు. నేల మీది పలకలు చిట్లాయి. ప్లేటు మెల్లగా దిగింది, వెన్నలోకి చెంచా దిగినట్టు, అంచు మాత్రం పైకి మిగిలేదాకా దిగి అక్కడ ఆగింది. కాగితం దాంట్లో అలాగే పడి ఉంది, అంచు కూడా నలగకుండా.

ఆ చప్పుడుకి వంటింటి తలుపు తెరుచుకుంది.

ఎనిమిది నెలల తర్వాత అత్త ముందు గదిలోకి వచ్చింది. కూర్చున్నవాళ్ళంతా చెంచాలు ఆపారు. అత్త ఎవరి మొహమూ చూడలేదు. విరిగిన టేబుల్ చూసింది, నేలలోని ప్లేటు చూసింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి వంగి కూర్చుంది. రెండు చేతులా ప్లేటు అంచు పట్టుకుని లాగింది.

కదల్లేదు.

"అబ్బాయ్, నువ్వు పట్టు," అంది. బేకరీ అబ్బాయి చొక్కా చేతులు మడిచి పట్టాడు. టైలరు తాత కూడా వచ్చి అతని నడుం పట్టుకుని లాగాడు, ఏదో తాడాట ఆడుతున్నట్టు. గాజు గ్లాసులు గలగలమన్నాయి గానీ ప్లేటు మాత్రం అలాగే ఉంది.

"ఏం రాశాడే ఇందులో?" అంది అత్త, తనే చదివిన సంగతి మర్చిపోయినట్టు.

"రుచన్నది లేదని రాశాడత్తా. మింగడం కష్టమైందని."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. చెయ్యి అలిసిపోయిందని."

అత్త చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. ఈసారి ఒంటరిగా, ఎవరినీ పట్టుకోనివ్వకుండా మళ్ళీ లాగింది. మెడ నరాలు తేలాయి. వేళ్ళు తెల్లబడ్డాయి. వదిలేసి, ఆయాసపడుతూ, నేల మీదే కూర్చుని ప్లేటు వైపు చాలాసేపు చూసింది. ఆమె మొహంలోకి ఏదో తిరిగొస్తున్నట్టుంది, ఊరెళ్ళి వచ్చినవాళ్ళు ఒక్కొక్క గదిలో దీపం వేసుకుంటూ వచ్చినట్టు.

"ఇంత బాగుందా?" అంది అత్త.

జవాబు చెప్పడానికి ప్లేటు ఉంది కదా.

అత్త లేచింది. లేపడానికి గువ్వ చెయ్యిస్తే తీసుకుంది గానీ, నిలబడగానే విదిలించేసింది. వంటింట్లోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ గుమ్మడికాయ మీద గుడ్డ ఎవరు కప్పారు? వాడిపోతుంది," అంది. కాసేపటికి పొయ్యి వెలిగిన చప్పుడు, మేకు మీదనుంచి గరిటె తీసిన చప్పుడు.

బేకరీ అబ్బాయి కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు సూపు తాగాక గువ్వ ప్లేటు కోసం వచ్చి నిలబడింది.

"మాట?" అంది.

"ఇవాళ సూపు కోసం రాలేదు," అన్నాడతను, ఈసారి కిటికీ వైపు చూడకుండా. "ఎప్పుడూ సూపు కోసం రాలేదు. సూపు బాగుంటుంది, అది వేరే సంగతి."

ప్లేటు ఆమె వేలు తగలకముందే పైకి లేచింది.

బుధవారం నాలుకగారి దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. వీధిలో జనం చూసి నవ్వుతున్నారట, ఆ ప్లేటు తీయించెయ్యమన్నారట, కావాలంటే టేబుల్ ఖరీదు ఇస్తారట.

"టేబుల్ ఖరీదు మాకొద్దండీ," అంది గువ్వ, గ్లాసు తుడుస్తూ. "ప్లేటు మాది, బరువు ఆయనది. వచ్చి ఎత్తుకోమనండి. ఎలా ఎత్తాలో ఆయనకి తెలుసు, ఒక్క మాట చాలు."

"ఆయన రారు."

"అయితే ఉంటుంది."

ఉంది. విరిగిన టేబుల్ స్థానంలో కొత్తది వెయ్యలేదు. జనం దాని చుట్టూ తిరిగి నడవడం అలవాటు చేసుకున్నారు. అద్దాల హోటలు వాళ్ళు గోడ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వడ్డించే పిల్ల పొగరు గురించిన వరుసని గువ్వ గుమ్మం పక్కన, అందరికీ కనపడేలా అంటించింది. అది రోజూ చదువుకుంటుంది.

అత్త ఇప్పుడు గువ్వని ఏమీ అడగదు. సాయంత్రం పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, ముందు గదిలోంచే బయటికి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ ఆ ప్లేటు దగ్గర ఆగుతుంది. చెప్పు విప్పి, బొటనవేలితో దాని అంచుని గట్టిగా తన్ని చూస్తుంది. కదలదు. అప్పుడు చెప్పు వేసుకుని, రేపటికి ఎన్ని గుమ్మడికాయలు కావాలో గువ్వకి చెప్పి ఇంటికి వెళ్తుంది.