మెహర్ వంతు

పీరు ఎదురుచూస్తున్న ఆట మార్చి నెలలో విడుదలైంది. మార్చి అంటే గుంటూరు మిర్చి యార్డుకి లారీలు బారులు తీరే నెల. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేసే పీరుకి ఆ రోజుల్లో తల గోక్కునే తీరిక కూడా ఉండదు. అయినా విడుదలైన రోజు పొద్దున, మిర్చి టిక్కీ బస్తాలు దించుతున్న లారీ పక్కన ముక్కుకి కండువా కట్టుకుని నిలబడి, ఫోన్‌లో కొత్త ఆట బొమ్మలన్నీ చూసుకున్నాడు. నదులు ముందుకన్నా అందంగా ఉన్నాయి. ఓడలు కూడా వచ్చాయి.

ఆట పేరు సాల్ట్ రోడ్స్. రాజ్యాలు ఏలే ఆట. ఉప్పు దొరికే చోటి నుంచి ఊళ్ళకి బండ్లు నడపాలి, దారుల మీద కోటలు కట్టాలి, దండుకి తిండి అందేలా చూసుకోవాలి, పక్క రాజు మీద పడకుండా కాచుకోవాలి. ఇప్పుడు వచ్చింది దాని రెండో భాగం. మొదటి భాగం పీరు ఇంట్లోకి పెళ్ళయిన కొత్తలో వచ్చింది. ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకుంటే, ఎక్కడికీ వెళ్ళే వీలు లేక, భార్య మెహర్‌కి కాలక్షేపంగా ఉంటుందని నేర్పించాడు. మెహర్ కొత్తపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. కంప్యూటర్ ఆటలంటే పిల్లల పని అనుకునే మనిషి. మొదటి ఆట ఓడిపోయింది. రెండోదీ ఓడిపోయింది. మూడోది గెలిచింది. ఆ సంగతి పీరు స్నేహితులెవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నల్లో ఆ ఆట నడుస్తూనే ఉంది. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. అతని వంతు అయ్యాక ఆమె వంతు. ఒకరి వంతులో రెండోవాళ్ళు గదిలో ఉండకూడదు, తెర వైపు చూడకూడదు. అందుకని బయటికి వచ్చినవాళ్ళు వంటింట్లో పని చూసుకునేవాళ్ళు. పీరు ఉల్లిపాయలు తరిగేసరికి మెహర్ "రండి, అయింది" అని పిలిచేది. అతను ఆడుతుంటే ఆమె మాంసం కడిగి మసాలా పట్టించేది. ఒక్కో ఆట తేలడానికి నెలలు పట్టేది. కూతురు గుల్షన్‌కి ఇదంతా విసుగు. ఆదివారం వస్తే ఫోను పట్టుకుని మేడ మీదికి పోయేది.

కొత్త ఆట విడుదలైన వారంలోనే కోటేష్ కొనేశాడు. పీరు, కోటేష్ నరసరావుపేటలో డిగ్రీ కలిసి చదివారు. కోటేష్ ఇప్పుడు యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. సరుకు కోల్డ్ స్టోరేజీకి వచ్చినప్పుడల్లా దాని వెంట తనూ వస్తాడు.

"ఎట్టా ఉందిరా?" అని అడిగాడు పీరు.

"ఆట మాత్రం అదిరిపోయింది. వానలు పడితే నదులు పొంగుతాయి, దారులు మునుగుతాయి. దండు అవతలి ఒడ్డున చిక్కుకుపోద్ది. నిన్న నాది అట్టాగే పోయింది." కోటేష్ కాస్త ఆగాడు. "కానీ నీకొక ఇబ్బంది ఉంది. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ఆడే పద్ధతి తీసేశారు."

"తీసేశారా?"

"ఎవరి సిస్టమ్ వాళ్ళకి ఉండాలి. ఎవరి ఆట వాళ్ళు కొనుక్కోవాలి. వంతులు కూడా లేవు. అందరూ ఒకేసారి నడపడమే. పైన గడియారం తిరుగుతుంటది. అది ఆగేలోపు నీ పని అయిపోవాలి."

ఆ మధ్యాహ్నం పీరు అన్నం తింటూ, ఆట కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ చదివాడు. కొందరు ఇలాంటి ఆట ఈ మధ్య కాలంలో రాలేదన్నారు. కొందరు మొదటి భాగాన్ని చేతులారా పాడుచేశారని తిట్టిపోశారు. తిట్టినవాళ్ళ మాటలే అతనికి నచ్చాయి. వెతికి వెతికి అవే చదివాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి అతని మనసులో విషయం తేలిపోయింది.

"మనకి పనికిరాదు. కొనట్లేదు," అన్నాడు మెహర్‌తో.

"మీరు ఆడి చూశారా?"

"కోటేష్ చెప్పాడు."

"కోటేషన్నకి నచ్చలేదా?"

"వాడికి నచ్చింది. మనకి కుదరదంటున్నా." వంతుల సంగతి, గడియారం సంగతి చెప్పాడు.

మెహర్ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. "అందరూ ఒకేసారా," అంది తనలో తను అనుకున్నట్టు. తర్వాత, "ఒకసారి చూద్దామండీ. చూశాకే వద్దనుకుందాం," అంది.

పీరుకి కొంచెం వింతగా అనిపించింది. ఆటల విషయంలో ఏం కొనాలో, ఏం వద్దో ఎప్పుడూ అతనే చెప్పేవాడు. ఆమె సరేననేది.

ఆ ఆదివారం కోటేష్ తన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అతను కొందరితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడుతున్నాడు. వాళ్ళలో హైదరాబాద్ వాళ్ళున్నారు, బెంగుళూరు వాళ్ళున్నారు. పొన్నూరులో రైస్ మిల్లు నడిపే అంకమ్మరావు కూడా ఉన్నాడు. ఆ రోజు మిల్లులో పనిపడి అంకమ్మరావు రాలేనన్నాడు. కోటేష్ రాజ్యం అప్పటికే ఓడిపోయింది గనక అతని ల్యాప్‌టాప్ ఖాళీ; అంకమ్మరావు రాజ్యాన్ని ఆ పూటకి దాని మీద ఎవరో ఒకరు నడపాలి.

"కూర్చోరా," అన్నాడు కోటేష్.

పీరు గడియారం వైపు చూశాడు. అంకెలు గబగబా తగ్గుతున్నాయి. "మొదట మెహర్ చూస్తానంది," అన్నాడు.

మెహర్ కూర్చుంది. మగవాళ్ళిద్దరూ వెనక కుర్చీల్లో కూర్చున్నారు. నేర్పించిన రోజుల తర్వాత ఆమె ఆడుతుండగా పీరు చూడటం అదే మొదటిసారి.

ఆమె ముందు తన దండు ఎక్కడుందో చూడలేదు. మ్యాప్‌ని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరిపింది. చివరిదాకా వెళ్ళి, కాస్త కిందికి దింపి, కుడి నుంచి ఎడమకి మళ్ళీ జరిపింది. పీరు ఎప్పుడో ఆమెను తీసుకురావడానికి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు మైక్రోస్కోపు కింద స్లైడుని ఆమె అలాగే జరపడం చూశాడు. ఒక్క గడి కూడా వదలకుండా మొత్తం చూశాక, అవతలివాళ్ళ ధాన్యం ఎక్కడుంది, దాన్ని ఎంతమంది తింటున్నారు అన్నది పట్టుకుంది. అప్పుడు తన బండ్లను రెండిటిని దారి మళ్ళించింది. అంతే. గడియారంలో ఇంకా సగానికి పైగా సమయం ఉంది.

"చెల్లెమ్మా, ఆ గుట్ట మీద కోట ఖాళీగా ఉంది. పట్టేయ్," అన్నాడు కోటేష్.

"పడితే దానికి తిండి నేను పెట్టాలన్నయ్యా. వాళ్ళనే పెట్టనీయండి."

కోటేష్ నవ్వాడు. పీరు నవ్వలేదు. తమ పాత ఆటలో ఉత్తరపు కొసన అతనికొక కోట ఉంది. దాన్ని మెహర్ ముట్టుకోలేదని ఎన్నో ఆదివారాలు సంతోషించాడు. ఊళ్ళలో జనం పస్తులున్నా ఆ కోటకి మాత్రం బండ్లు తప్పకుండా పంపాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి అందరికన్నా అడుగున ఉన్న అంకమ్మరావు రాజ్యం పైనుంచి రెండోదయింది. ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో "అంకమ్మరావు గారి సీట్లో ఎవరండీ?" అని అడిగారు. "మా చెల్లెలు," అన్నాడు కోటేష్ గర్వంగా.

అతను వెళ్ళాక, ఆ పూట వంట ఎవరూ మొదలుపెట్టలేదు గనక, పీరు వెళ్ళి హోటల్ నుంచి బిర్యానీ తెచ్చాడు. తిన్నాక గుల్షన్ మేడ మీదికి పోయింది. పీరు చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"నీ వంతు ఇంత తొందరగా అవుద్దా? మన పాత ఆటలో అయితే అరగంట పడుతుందిగా."

"మీరు ఉల్లిపాయలు తరగడం అయ్యేదాకా ఊరికే కూర్చుంటా," అంది మెహర్. "ముందే పిలిస్తే సగంలో వదిలేసి వచ్చేస్తారు."

పీరుకి నవ్వొచ్చింది. నవ్వు అయ్యాక ఇంకో ప్రశ్న మిగిలింది. "నన్ను కావాలని గెలవనిచ్చావా ఎప్పుడైనా?"

"లేదండీ. మీరు గెలిచినవి మీరే గెలిచారు." మెహర్ కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకి అలవాటు లేదు. "నేను గెలిచేవి మాత్రం తొందరగా ముగించలేదు. నెల్లోపే అయిపోతే ఆదివారాలు మనం ఏం చేస్తాం?"

అతను లేచాడు. నీళ్ళ ట్యాంకు నిండిందేమో చూసొస్తానని మేడ ఎక్కాడు. ట్యాంకు నిండలేదు. నిండేదాకా అక్కడే నిలబడ్డాడు.

రెండు రోజుల తర్వాత కోటేష్ కోల్డ్ స్టోరేజీకి వచ్చినప్పుడు ఒక కబురు తెచ్చాడు. అంకమ్మరావు ఇక తనకి కుదరదని తప్పుకున్నాడట. ఆ చోట్లోకి మెహర్ వస్తే బాగుంటుందని మిగతావాళ్ళు అడుగుతున్నారట.

"ఇకనుంచి ఆట బుధవారం సాయంత్రాలకి మార్చారు. వస్తదేమో అడుగు," అన్నాడు.

"అడుగుతా," అన్నాడు పీరు.

అడగలేదు. ఆ సాయంత్రం అడుగుదామనుకున్నాడు, గుల్షన్‌కి పరీక్షలున్నాయి కదా అనుకున్నాడు. మర్నాడు అడుగుదామనుకున్నాడు, ల్యాబ్‌లో నిలబడి నిలబడి అలసిపోయి వస్తోంది కదా అనుకున్నాడు. కంప్యూటర్ పాతది, కొత్త ఆట దాని మీద నడవదేమో అని కూడా అనుకున్నాడు. అన్నీ నిజాలే. అందువల్ల ఆ వారమంతా అతనికి తను చేస్తున్నది తప్పనిపించలేదు. కోటేష్ ఫోన్ చేస్తే, "చెబుతాలేరా, కొంచెం ఆగు," అన్నాడు.

ఒక సాయంత్రం మెహర్ ల్యాబ్ నుంచి వచ్చి, బ్యాగు కుర్చీకి తగిలించి, అతని ఎదురుగా కూర్చుంది.

"భవ్య వచ్చింది ల్యాబ్‌కి. థైరాయిడ్ పరీక్షకి," అంది. భవ్య కోటేష్ భార్య. "నేను వస్తానో రానో తేల్చి చెప్పలేదని వాళ్ళాయన అనుకుంటున్నాడట. దేని గురించో నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది."

"మర్చిపోయా," అన్నాడు పీరు.

"మీరు ఆట సంగతి మర్చిపోరు."

ఆమె గొంతు పెంచలేదు. పీరు టేబుల్ మీద బట్ట సరిచేశాడు. బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోతున్నారు. అది వీధి మలుపు తిరిగింది.

"సరే, నా సంగతి పక్కన పెట్టండి," అంది మెహర్. "మీరు ఇన్నేళ్ళుగా ఆటలు ఆడుతున్నారు. మీ మాట చెప్పండి. అది కొనదగ్గదేనా, కాదా?"

తిట్టినవాళ్ళు రాసినవన్నీ అతనికి నోటికి వచ్చు. వాటిలో ఒకటి చెప్పేస్తే సరిపోయేది. కానీ అడిగింది ఆటల మనిషిని. అందుకని ఆటల మనిషిలాగానే ఆలోచించాడు.

"ఆట మంచిది," అన్నాడు చివరికి. "వానలు, వరదలు పెట్టడం బాగుంది. మొదటి భాగంలో తెలివిగా ఉన్నా లేకపోయినా నెట్టుకురావచ్చు. ఇందులో కుదరదు. నేనైతే ఆడలేను. ఆ గడియారం చూస్తేనే నాకు చేతులు ఆడటం లేదు. నీకు మాత్రం... ఆ రోజు చూశాగా. కొనుక్కో."

"మీకు కష్టంగా ఉందా?"

"కొంచెం ఉంది."

"ఉండనీయండి," అంది మెహర్. లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆట ఆమే కొనుక్కుంది, తన కార్డుతో. కంప్యూటర్‌కి కావలసిన మెమరీ కోటేష్ బ్రాడీపేటలో కొనుక్కొచ్చి బిగించి వెళ్ళాడు. బుధవారం సాయంత్రం మెహర్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదిలో కూర్చుంది. పీరు ముందు గదిలో టీవీ పెట్టుకున్నాడు, ధ్వని తగ్గించి. లోపలి నుంచి ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. "ఉప్పు ఇస్తాను, దారి ఇవ్వండి." "మీ మాట నమ్మనండీ, పోయిన వాన ముందు ఇట్టాగే అన్నారు." తనతో ఆడేటప్పుడు ఆమె ఇలా బేరాలాడిందే లేదు. అక్కడ ఉన్నది ఇద్దరే, బేరమాడడానికి మూడో రాజంటూ లేడు.

ఆ మొదటి రాజ్యాన్ని ఆమె నిలబెట్టుకోలేకపోయింది. హైదరాబాద్‌లో ఎవరో నస్రత్ అనే అమ్మాయి ఓడల్లో వచ్చి వెనక నుంచి కొట్టింది. మెహర్ గదిలోంచి బయటికి వచ్చేసరికి మొహం ఎర్రబడి వెలిగిపోతోంది.

"ఓడిపోయా," అంది. "సముద్రం వైపు చూడనే లేదండీ. అసలు చూడనే లేదు."

ఓడిపోయినందుకు ఆమెకంత సంతోషం ఎందుకో పీరుకి ఆ క్షణాన అర్థం కాలేదు. పడుకోబోయే ముందు కొంచెం అర్థమైంది. ఆపుకోకుండా ఆడినా తనని ఓడించే మనిషి ఆమెకి ఇప్పుడు దొరికింది.

ఆ ఆదివారం పాత ఆట తెరిచాక, వంటింట్లోకి వెళ్ళబోతూ పీరు గుమ్మంలో ఆగాడు.

"ఇక్కడ కూడా అక్కడ ఆడినట్టే ఆడు. ఆపి కూర్చోవద్దు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆ పూట పన్నెండు కాకముందే అతని రాజధాని పోయింది. కొన్ని నెలలుగా నడుస్తున్న యుద్ధం అలా ముగిసింది. వెంటనే కొత్త మ్యాప్ మొదలుపెట్టారు. అది మూడు ఆదివారాలు నడిచింది, అందులోనూ అతనే ఓడాడు. మెహర్ జాలిపడలేదు. అతను ఎక్కడ తప్పు చేశాడో అడిగితే చెప్పింది, అడగకపోతే ఊరుకుంది. అతను రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు మూడో మ్యాప్ నడుస్తోంది. మిర్చి సీజను అయిపోయింది, కోల్డ్ స్టోరేజీలో గదులన్నీ నిండి తలుపులు మూసేశారు, పీరుకి కాస్త తీరిక దొరికింది. కొండల్లోని ఉప్పు గనులన్నీ మెహర్ చేతిలోకి వెళ్ళిపోయాయి. అతనికి నది ఒడ్డున రెండు ఊళ్ళు, ఒక రేవు మిగిలాయి. ఈసారి దూరాన కోటలేవీ కట్టలేదు. ధాన్యమంతా రేవులో పోగేశాడు. గెలుస్తానని అనుకోవడం లేదు. వచ్చే ఆదివారం దాకా రేవు నిలుస్తుందని మాత్రం అనుకుంటున్నాడు.