ఆరనివ్వండి

పిట్ట తెల్లవి తప్ప ఏదీ తినదు. అన్నం, పెరుగు, పాలు, బ్రెడ్డు, అదీ అంచులు తీసేసి ఇస్తేనే. అరటిపండు కూడా తెల్లదే కదా అని ఎవరో తెలివిగా ఒలిచి చేతికిస్తే, మధ్యలో ఉన్న నల్ల చారని వేలితో చూపించి పక్కన పెట్టేసింది. తినేది పిట్టంత కాబట్టి ఆ పేరు. ఇంకా అయిదేళ్ళు నిండలేదు గానీ, ఒకసారి నోరు మూసిందంటే ఆ తాళానికి తాళంచెవి ఎవరి దగ్గరా లేదు.

ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే సలహాలకి కరువేముంది? పక్కింటావిడ ఒకటి చెప్పింది, పాలవాడు ఇంకోటి చెప్పాడు. ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా గుమ్మంలో ఆగి, "రెండు పూటలు మాడిస్తే అదే దారికొస్తుందండీ" అనేసి పోయాడు. వాడి మీటరేదో వాడు చూసుకోవచ్చుగా!

ఇంట్లో మాత్రం పెత్తనం నానమ్మది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, అందరూ కంచం ఖాళీ చేసి లేచినవాళ్ళే, ఆ సంగతి రోజుకోసారైనా చెప్పందే ఆవిడకి తోచదు. ఆవిడ పద్ధతి చాలా సులువైనది. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టి ముక్కు మూస్తుంది. ఊపిరి కోసం నోరు తెరవగానే ముద్ద లోపలికి తోసేస్తుంది. పిట్ట కూడా తక్కువదేం కాదు. ఆ ముద్దని బుగ్గలో దాచుకుని, అందరూ మర్చిపోయాక సోఫా వెనక్కి వెళ్ళి ఉమ్మేసేది. ఆ ఇంట్లో సోఫా వెనక చీమలకి ఏనాడూ తిండికి లోటు రాలేదు.

పిట్ట వాళ్ళమ్మ ఇళ్ళకి రంగులు వేస్తుంది. పనిచేసే చోట అందరూ ఆమెని రంగులమ్మ అంటారు. మేస్త్రీలతో గొడవపడాలన్నా, సిమెంటు సరిగ్గా పట్టని గోడని పట్టుకుని కాంట్రాక్టరుని నిలదీయాలన్నా ఆమె తర్వాతే ఎవరైనా. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ నోరు పడిపోయేది. ఆమె నిచ్చెనెక్కి ఉన్నంతసేపూ పిల్లని చూసుకునేది అత్తగారే మరి. ఆ ఒక్కదానికీ తలొంచి, ముక్కు మూస్తున్నా చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళి అక్కడ గిన్నెల మీద కోపం చూపించేది.

డాక్టరు పిట్ట కళ్ళ కింద లాగి చూసి, రక్తం తక్కువగా ఉందన్నాడు, కొత్త కొత్తవి తినిపించమన్నాడు. ఎలా తినిపించాలో అడిగేలోపే తర్వాతి పేషెంటుని పిలిచేశాడు.

ఈ కబురు వదినకి చేరింది. వదినంటే రంగులమ్మ మొగుడికి అక్క, పొరుగూళ్ళో ఉంటుంది. మొండి పిల్లల్ని దారిలో పెట్టడంలో తనంత మనిషి లేదని ఆవిడ గట్టి నమ్మకం. కబురందగానే వచ్చి కుర్చీలో కూర్చుంది.

"సెలవులివ్వగానే దాన్ని నాకప్పగించండి. నెల తిరిగేసరికి రాళ్ళు పెట్టినా తినేలా చేసి పంపిస్తా. నా పెద్దాణ్ణి చూశారుగా?"

రంగులమ్మ చూసింది. వాడి కిందటి పుట్టినరోజుకి ఆ పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుని, "నీకేం ఇష్టంరా? అదే చేస్తాను" అని అడిగింది. వాడు తన తల్లి మొహంలోకి ఒకసారి చూసి, "ఏదైనా పర్లేదత్తా" అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. తనకేది ఇష్టమో వాడికి నిజంగానే తెలియదని ఆమెకి అప్పుడర్థమైంది. వదినేమో మురిసిపోయింది.

"పంపిద్దాంలే, అక్క చూసుకుంటుంది" అన్నాడు మొగుడు. అతను బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని ఇంటికొచ్చేవాడికి ఇంట్లో ఎవరు గెలిచినా ఒకటే, త్వరగా గెలిస్తే చాలు.

"సెలవుల దాకా దాని తిండి సంగతి నాకు వదిలెయ్యండి. ఎవరూ జోక్యం చేసుకోకూడదు" అంది రంగులమ్మ.

"అప్పటికీ తెల్లన్నమే తింటానంటే?"

"అప్పుడు మీ ఇష్టం వదినా."

అనేసింది గానీ, ఏం చెయ్యాలో ఆమెకేం తెలుసు? మర్నాడంతా రోలర్ పట్టుకుని అదే ఆలోచన. తను రంగులు వేస్తున్న ఇంటావిడ మూడు రోజులుగా పడగ్గదికి రంగు ఎంచుకోలేక చస్తోంది. రంగులమ్మ ఎప్పుడూ చేసేదే చేసింది. గోడ మూల అరచెయ్యంత మచ్చలు వేసింది, ఒక్కో రంగుదీ ఒకటి.

"ఇప్పుడేం చెప్పకండమ్మా. తడి మీద అన్నీ మోసం చేస్తాయి. ఆరనివ్వండి. లైటు వేసి చూడండి, తీసి చూడండి. రేపు పొద్దున చెబుదురుగాని. నచ్చకపోతే ఏదీ వెయ్యను" అంది.

ఆ మాట తన నోట్లోంచి వస్తుండగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషికి, ఉత్త గోడకి, ఇంత మర్యాద చేస్తున్నాను. నా కడుపున పుట్టినదాని నోటికి ఆ పాటి మర్యాద లేదా? ఆమెకి తన మీద తనకే మండుకొచ్చింది.

ఆ ఆదివారం పిట్ట వాళ్ళింట్లో పసుపు రోజయింది. బల్ల మీద పసుపు దుప్పటి పరిచారు. పిట్టకి పసుపు గౌను. మొగుడికి పసుపు చొక్కా లేదంటే, పసుపు తువ్వాలు మెడలో వేసి కూర్చోబెట్టింది. కంచంలో తెల్లన్నం ఎప్పట్లాగే ఉంది. చుట్టూ మాత్రం బొటనవేలంత మచ్చలు: ఉడికిన గుమ్మడి, మొక్కజొన్న గింజలు, గుడ్డు పచ్చసొన, మామిడిపండు.

"ఇవి మచ్చలే. చూడొచ్చు, ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు. తినమని ఎవరూ అనరు. నచ్చిందో లేదో ఆరాక చెప్పు" అంది కూతురితో. 'తిను' అన్న మాట ఎవరి నోట వచ్చినా బల్ల దగ్గర్నుంచి లేచిపోవాలని షరతు పెట్టింది. అత్తగారు రెండుసార్లు లేవాల్సొచ్చింది.

పిట్ట ఆ రోజు ఏమీ తినలేదు. గుమ్మడిని వేలితో పొడిచి, వేలిని గౌనుకి తుడుచుకుంది, అంతే. "బొమ్మలాట బాగుంది" అని అత్తగారు మూతి తిప్పింది. తర్వాతి ఆదివారం ఎరుపు. టమాటాని నాలుక చివరితో తాకి, మొహం వికారంగా పెట్టి, "ఇది అరుస్తోంది" అంది పిట్ట. దానిమ్మ గింజని మాత్రం చాలాసేపు వెలుతురుకి పట్టి చూసింది. ఆకుపచ్చ రోజున బఠాణీలన్నిటినీ వరసగా పేర్చి మళ్ళీ కంచంలో పెట్టేసింది.

తినలేదు, నిజమే. కానీ ఏడవలేదు కూడా. సోఫా వెనక చీమలు పస్తులున్నాయి. ఆదివారం పొద్దున్నే పిట్టే లేచి "ఇవాళ ఏం రంగు?" అని అడగడం మొదలుపెట్టింది. ఇదంతా ఎవరికీ కనబడలేదు. కనబడేది ఒక్కటే, తిన్నదా లేదా. రంగులమ్మకీ లోపల భయంగానే ఉండేది. ఎంత వారించినా ఎవరో ఒకరు వచ్చి, ఏమైంది, తింటోందా, అని అడుగుతూనే ఉన్నారు. ఆమె మొండికేసింది. అడిగినవాళ్ళకల్లా "ఇంకా ఆరలేదు" అని చెప్పింది.

సెలవులిచ్చారు. చెప్పినట్టే వదిన పెద్ద సంచీతో దిగింది. వస్తూనే పిట్ట గౌన్లు నాలుగు మడిచి అందులో పెట్టుకుంది. ఆ రోజు అన్ని రంగులూ కావాలని పిట్ట ముందే అడిగి ఉంది కాబట్టి, కంచం చుట్టూ క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, గుమ్మడి, వంకాయ ముద్ద, అన్నీ మచ్చలుగా ఉన్నాయి. నిజానికి వంకాయ ఆ ఇంట్లో వండరు. అత్తగారికి దాని వాసన కిట్టదు. ఊదా రంగు దొరక్క రంగులమ్మ అదొక్కటీ తలుపేసి ఉడికించింది.

"ఈ ముగ్గులేంటి కంచంలో? ఇలా కాదు, ఇటు రా" అంటూ వదిన పిట్టని ఒడిసిపట్టి ఒళ్ళోకి లాక్కుంది. ఒక చేత్తో ముక్కు మూసింది, రెండో చేత్తో బీట్‌రూట్ తీసుకుంది. పిట్ట కాళ్ళు తన్నుకుంది. మొహం ఎర్రబడింది. నోరు మాత్రం తెరవలేదు.

రంగులమ్మ వంటింట్లోకి వెళ్ళలేదు. వచ్చి వదిన మణికట్టు పట్టుకుంది. రోజూ నిచ్చెన మోసే చెయ్యి అది.

"నా పిల్ల ముక్కు వదలండి."

"తల్లివా నువ్వు? చచ్చిపోతుందే తిండి లేక!"

"ముందు ఊపిరాడకుండా చంపేది మీరు. వదలండి!"

వదిలింది. పిట్ట కంచం గుండెలకి హత్తుకుని హాల్లోకి పరిగెత్తింది. అందరూ వెనకాలే వెళ్ళేసరికి ఘనకార్యం జరిగిపోతోంది. ఊరందరి గోడలకీ రంగులు వేసే మనిషి, ఇన్నేళ్ళకి తీరిక చేసుకుని, కిందటి వారమే సొంతింటి హాలుకి తెల్ల రంగు వేసుకుంది. ఆ తెల్లగోడ మీద పిట్ట బొటనవేలితో ఒక్కొక్కటీ అద్దుతోంది. క్యారెట్, పక్కన పాలకూర, దాని పక్కన బీట్‌రూట్. ఏడుపు వెక్కిళ్ళు ఇంకా తగ్గలేదు, వేలు మాత్రం ఆగడం లేదు.

"చూశారా పెంపకం!" అంది వదిన. మొగుడు తడిగుడ్డ తెచ్చాడు.

"ఆ గుడ్డ గోడకి తగిలిందా, ఊరుకోను" అంది రంగులమ్మ. "నా గోడ. నా కూతురు. ఆరనివ్వండి."

అలాంటి గొంతు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. మొగుడు గుడ్డ కింద పెట్టి కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. పిట్ట గోడ ముందు బాసింపట్టు వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఇంతమంది పెద్దవాళ్ళు ఉడికిన కూరగాయలు ఆరడం కోసం కాచుకుని కూర్చోవడం ఎక్కడైనా ఉందా? ఆ రోజు ఆ ఇంట్లో ఉంది.

చివరికి పిట్ట లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. బీట్‌రూట్ మచ్చ నల్లగా వాడిపోయింది. "ఇది దొంగ రంగు. వద్దు" అంది. పాలకూరకేసి చూసి, "రేపు చెప్తా" అంది. క్యారెట్ మాత్రం వేసినప్పుడెలా ఉందో అలాగే ఉంది. కంచంలోంచి ముక్క తీసుకుంది. వాసన చూసింది. నోట్లో పెట్టుకుని నమిలింది, మింగింది. ఇంకో ముక్క తీసుకుంది. ఎవరి మొహంలోకీ చూడలేదు.

రంగులమ్మకి కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు, వదిన చూస్తే చూడనీ అనుకుంది.

"రెండు ముక్కలు! దీనికా ఇంత తతంగం? నా దగ్గరైతే కంచం కంచం తినేది" అంది వదిన.

"తినేది వదినా. కానీ దొంగ రంగు వద్దని చెప్పేది కాదు. అది వద్దనడం నాకు కావాలి." సంచీలోంచి నాలుగు గౌన్లూ తీసి, ఖాళీ సంచీ వదిన చేతిలో పెట్టింది. "పిట్ట రాదు. భోంచేసి వెళ్ళండి. మీకు నచ్చిందే వడ్డిస్తాను."

వదిన తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వయినా చెప్పవే! మమ్మల్నిలాగే పెంచావా?"

అత్తగారి చూపు పిట్ట కంచంలో మిగిలిన ఊదా మచ్చ మీద ఉంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. పిట్ట అది గమనించింది.

"నానమ్మా, నీకది ఇష్టం లేదా?"

"లేదే" అంది ఆవిడ. "నీ అంత ఉన్నప్పుడు మా పెద్దమ్మ ముక్కు మూసి కుక్కింది. కక్కుకున్నాను. మళ్ళీ కుక్కింది. ఇప్పటికీ ఆ వాసనొస్తే ఆవిడ చెయ్యే గుర్తొస్తుంది."

కూతురికి కూడా ఎప్పుడూ చెప్పని మాట అది.

పిట్ట బొటనవేలితో ఆ ఊదా ముద్దని కొంచెం తీసింది. గోడ మీద, తను వేసిన మచ్చల పక్కన, నానమ్మ కళ్ళకి ఎదురుగా ఉండేంత ఎత్తులో పెట్టాలని మునివేళ్ళ మీద లేచింది. అందలేదు. రంగులమ్మ వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. పిట్ట శ్రద్ధగా అద్దింది.

"తినక్కర్లేదు నానమ్మా, ఊరికే చూడు" అంది.

"లేమ్మా, పోదాం. వీళ్ళకి మతి పోయింది. నాలుగు రోజులు నా దగ్గరుందువుగాని" అని వదిన తల్లి చెయ్యి పట్టుకుంది.

అత్తగారు ఆ చెయ్యి విడిపించుకుంది. ముక్కు మీంచి కొంగు తీసి, కుర్చీ గోడకి ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"నువ్వెళ్ళు. నాకిక్కడ పనుంది" అంది. "రేపు పొద్దున చూసి చెప్పాలి."