పుండు లోతు

టైలర్ మాస్టారిని పక్కకి ఒత్తిగిలించేసరికి నర్సమ్మ నడుం పట్టేసింది. కట్టు విప్పగానే గదంతా కంపు. ఆయన కోడలు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ తెరవడానికి వెళ్లింది. నర్సమ్మ చెవిలో మాత్రం ఒక గొంతు తీరిగ్గా పాఠం చెబుతోంది: "ఇప్పుడు మనం నాలుగో పాఠంలోకి వచ్చాం."

ఆ పాఠం సంగతి చెప్పుకోవాలి. ఇళ్లకి నర్సుల్ని పంపే ఏజెన్సీ లైసెన్సు నిలబడాలంటే, నర్సులందరూ ఏడాదికోసారి పుళ్ల వైద్యం మీద ఆన్‌లైన్ కోర్సు చెయ్యాలి. గడువు ఇవాళ్టితో సరి. చదవడానికి వేళ మాత్రం ఏజెన్సీ ఇవ్వదు. జీతం వెళ్లొచ్చిన ఇంటికింత అని గనక, కూర్చుని చదివిన గంటకి దమ్మిడీ రాలదు. అందుకని సూపర్‌వైజర్ మేడమే పెద్ద మనసు చేసుకుని, పొద్దున్నే జవాబులన్నీ నర్సుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. నర్సమ్మ బస్సులో నిలబడి పాతిక ప్రశ్నలకీ టకటకా నొక్కేసింది. వేలు జారి ఒకటి తప్పింది గానీ, లేకపోతే నూటికి నూరే. వీడియో మొత్తం ఆడితే తప్ప సర్టిఫికెట్ రాదు కాబట్టి, ఆడనీ అని ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పనిలోకి దిగింది. నలుగురూ చేసేదీ అదే. రోత పుట్టించే తంతు, అందులో తనూ ఉంది.

"పైకి కనిపించే నోరు చిన్నదే కావచ్చు," అంది చెవిలోని గొంతు. "అంచు కింద బోలుగా ఉందేమో చూడాలి. శుభ్రమైన దూదిపుల్లని సెలైన్‌లో తడిపి, అంచు కిందికి మెల్లగా పోనివ్వండి."

ఎప్పుడో చదువుకునే రోజుల్లో చేసిన పని అది. ఇళ్లల్లో ఎవరు చేస్తారు? ఫోన్లో ఏజెన్సీ ఫారం తెరిస్తే పోయినసారి కొలత అందులో సిద్ధంగా ఉంటుంది. మార్చాలంటే కారణం రాయాలి, ఫొటో పెట్టాలి, డాక్టరుకి పంపాలి. హీనపక్షం పావుగంట, అదీ ఉత్తపుణ్యానికి. మార్చకపోతే ఒక్క నొక్కుడు, ఆ నొక్కుడే సంతకం. మాస్టారి నడుం కింది పుండు మూడు వారాలుగా 'వెడల్పు రెండు సెంటీమీటర్లు, లోతు అర' దగ్గరే ఆగిపోయి ఉంది. వారానికి రెండు చొప్పున ఆరుసార్లూ నొక్కింది నర్సమ్మే.

ఇవాళ ఎందుకో చెయ్యి ఊరుకోలేదు. పుల్ల తడిపి అంచు కింద పెట్టింది. పోయింది. ఇంకా పోయింది. ఆగినచోట వేలితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి స్కేలు పక్కన పెడితే నాలుగున్నర. పుల్ల కొసన పచ్చటి చీము.

చీము ఆమెకి కొత్త కాదు. అలాంటివి తొమ్మిదేళ్లుగా చూస్తూ, ఇంటికెళ్లి కడుపునిండా తింటున్న మనిషే. రోత పుట్టింది ఆ ఆరు నొక్కుళ్లూ గుర్తొచ్చే.

"ఎంత వచ్చిందమ్మా?" అన్నాడు మాస్టారు, గోడవైపు తిరిగే. "నేను కొలత తీస్తే బయటికి చదివేవాణ్ణి. నువ్వేంటి, మింగేశావ్?"

"ఒక్క నిమిషం బాబాయ్ గారూ."

"తీరిగ్గానే చూడు. ఇప్పటికిప్పుడు ఎవరికీ చొక్కా కుట్టివ్వాల్సిన పన్లేదులే." నవ్వబోయి వణికాడు.

"రెండ్రోజుల్నించీ ఒకటే చలి అంటున్నారు సిస్టర్," అంది కోడలు. "గాలి పడలేదేమో అనుకున్నాం."

చెయ్యి వేసి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. నర్సమ్మ పుండు మీద తడి గుడ్డ కప్పి, వరండాలోకి వెళ్లి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, టైలర్ మాస్టారి పుండు లోపల నాలుగున్నరుంది. చీము పట్టింది, జ్వరం. ఇవాళే ఆస్పత్రికి పంపాలి."

"పోయినసారి అర సెంటీమీటరే కదమ్మా లోతు?"

"పోయినసారి నేను లోపల చూళ్లేదు."

"మరి ఇవాళెందుకు చూశావ్?"

ఇదేం ప్రశ్నో నర్సమ్మకి అర్థం కాలేదు. "కోర్సులో చెప్పారు మేడమ్," అంది.

"కోర్సు సర్టిఫికెట్ కోసమమ్మా! పుళ్లలోకి తొంగి చూడ్డానికా?" మేడమ్ గొంతు తగ్గించి, సొంత చెల్లెలికి బుద్ధి చెబుతున్నంత ఆప్యాయంగా మొదలెట్టింది. "చూడూ, అర నించి ఒకేసారి నాలుగున్నరకి పోతే మూడు వారాలు ఏం చేశారంటారు. ఇవాళ ఒకటిన్నర అని రాయి. గురువారం మూడు. వచ్చే వారం నాలుగు వేసి అప్పుడు డాక్టరుకి చెబుదాం. పుండు పెరిగినట్టూ ఉంటుంది, మనం కనిపెట్టినట్టూ ఉంటుంది."

"అప్పటిదాకా ఆయనుండాలిగా?"

"సరే, నీ ఇష్టం. ఆ ఆరు సంతకాలూ ఎవరివో మాత్రం మర్చిపోకు. అందులో నాది ఒక్కటీ లేదు."

ఆ మాటలకన్నా గదిలోని చీము కంపే నయమనిపించింది నర్సమ్మకి. ఒక ముసలాయన ఒంట్లో కుళ్లు ఏ రోజుకి ఎంత పెరగాలో ఈవిడ ఆఫీసులో కూర్చుని తేదీలు వేస్తోంది! ఛీ అనుకుంది. ఆ ఛీ అంతా మేడమ్ మీదే అయితే బాగుండేది. సగం తన మీదే.

ఫోన్ పెట్టెయ్యలేదు. స్పీకర్లో పెట్టి గదిలోకి వచ్చి మంచం పక్కన బల్లమీద ఉంచింది.

"అమ్మా, పుండు పైకి కనిపించేంతే కాదు," అంది కోడలితో. "లోపల నాలుగున్నర సెంటీమీటర్లు బోలుగా ఉంది. ఈ జ్వరం దానివల్లే అనుకుంటున్నాను. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చీటీ రాసిస్తాను."

"మూడు వారాల్నించీ వస్తున్నారుగా సిస్టర్! ప్రతిసారీ బాగానే ఉందన్నారుగా?"

"చూడకుండా అన్నానమ్మా. చూడకుండానే రాశాను."

"మీరసలు మనుషులేనా?" అంది కోడలు. మాస్టారు గోడవైపే తిరిగి, దుప్పటి అంచు మొహం మీదికి లాక్కున్నాడు. కోడలి తిట్టుకన్నా అదే ఎక్కువ తగిలింది.

నర్సమ్మ కాగితం తీసి లోతు రాసింది, జ్వరం రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది: 'ఇంతకుముందు ఆరు కొలతలూ కొలవకుండా వేసినవి.' సంతకం పెట్టి కోడలి చేతికిచ్చింది.

"ఏయ్, ఏమిచ్చావ్ వాళ్లకి?" ఫోన్లోంచి మేడమ్ అరిచింది. "ఆ కాగితం గడప దాటిందంటే రేపట్నించీ నీకు ఇళ్లుండవు, చెప్తున్నా!"

"రేపటి సంగతి రేపు మేడమ్," అంది నర్సమ్మ, ఫోన్ దగ్గరికి వంగి. "ఇవాళ ఇంకా మూడిళ్లున్నాయి. ఆ ముగ్గురికీ లోపల ఎంతుందో నాకు తెలీదు. తెలుసుకోకుండా మాత్రం నొక్కను."